పలకని పేరు

దరఖాస్తులు రాసిపెట్టే గుమాస్తాలంతా పోయి, అమలాపురం కోర్టు వరండాలో మాట్లాడే పెట్టె ఒక్కటే మిగిలింది. వారసత్వ పత్రం కోసం అచ్చియ్యమ్మ దాని ముందు నిలబడటం ఇది నాలుగోసారి.

"పోయిన మీ భర్త పేరు చెప్పండమ్మా," అంది పెట్టె.

మూడుసార్లూ ఇక్కడే నోరు పెగలక వెనుదిరిగింది. పెళ్లయిన నలభై ఏళ్లలో ఆయన పేరు ఎన్నడూ నోట అనలేదు. కానీ ఇల్లు నిలవాలంటే తప్పదు.

"సత్తిరాజు గారండి," అంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

వాళ్లింటి గోడల్లో అమర్చిన యంత్రాలు విని దాచిన నలభై ఏళ్ల మాటలన్నీ పెట్టె క్షణంలో వెతికింది.

"ఆ ఇంట్లో ఈ గొంతు ఆ పేరు ఒక్కసారీ పలకలేదు. మీరు ఆయనకేమీ కారమ్మా. తర్వాతి వారు రండి."

"ఏవండీ, చూశారా..." అంది అచ్చియ్యమ్మ, పక్కకు తిరిగి. పక్కన ఎవరూ లేరు.