ఏడు కుండలు

“ముక్కుపుడక కూడా తీసేస్తాండావేందే?” గోవిందమ్మ బిత్తరపోయింది.

“ఇంట్లో ఒక్కటి కూడా మిగలకూడదత్తా,” అంది కోడలు అరుణకుమారి.

ఇత్తడి గిన్నె నిండా కుంకుడు నురగ. అందులో కాసులపేరు, గాజులు, జుంకీలు. కిటికీలోంచి పడిన ఎండ ఒక్కో బుడగలో రంగులై తిరుగుతోంది. అరుణ ఒక్కో నగను వేళ్లతో మెల్లగా రుద్ది, పసిబిడ్డను తుడిచినట్టు తుడిచి, మెత్తటి గుడ్డ మీద ఆరబెడుతోంది. పెదాల మీద చిన్న కూనిరాగం.

గుమ్మంలో నిలబడి ఆమె భర్త కేశవులు ఆ మెరుపునే చూస్తున్నాడు. వారం నుంచి అతని కాళ్లు నేల మీద ఆనడం లేదు. తమలపాకు మీద నల్లటి అంజనం పూసి, భూమిలో దాగినవి చూపించే ఒకాయన ఆళ్లగడ్డలో దిగాడు. ఉయ్యాలవాడ దారిలో ఉన్న కేశవులు చేను గట్టు కింద ఏడు కుండల బంగారం ఉందన్నాడు. ఆ నలుపులో కేశవులుకు కూడా ఏదో పచ్చగా కదిలినట్టే కనిపించింది. ఈ సాయంత్రం అమావాస్య పూజ. దానికి ఎనిమిది లక్షలు కావాలి. పొద్దు దాటితే కుండలు దిగిపోతాయట.

“వారమే అరుణా. కుండలు పైకొచ్చినాక అన్నీ విడిపించుకొస్తా.”

“నెలైనా కానీలే. తెల్లారుజామున నాక్కూడా కలొచ్చిందయ్యా.”

“ఏం కల?”

“మన చేన్లో నడుస్తాండా. వంగి చెవి పెడితే, లోపల కాలువ పారినట్టు బంగారం పారతాంది.”

కేశవులు ముఖం వెలిగిపోయింది. “ఇన్నావామ్మా? మొన్న బీరువా తాళాలియ్యమంటే కొంగున ముడేసుకున్న మనిషి!”

“నువ్వు బీరువా పగలగొడతానంటివి. మళ్లీ కొత్తది కొనాల కదా,” అరుణ నవ్వింది.

“రేయ్ కేశవా, మీ తాత నుంచి దున్నుతాండాం ఆ చేను,” అంది గోవిందమ్మ. “నాగలికి తగలని కుండలు ఆకులో తగిలినాయా?”

“నీకు తెల్దులేమ్మా.”

అరుణ లేచి అత్త ట్రంకుపెట్టె మూత తెరిచింది. అడుగునున్న వడ్డాణాన్ని బయటికి తీసింది. గోవిందమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“అది మాయమ్మ పెట్టిందే! అదొక్కటి ఉండనీ తల్లీ.”

“అది ముందు పోవాలత్తా.”

గోవిందమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది.

నంద్యాల రోడ్డు మీద బండి తేలిపోతున్నట్టు వెళుతోంది. అటూ ఇటూ నల్లరేగడి చేలు, పైన దూదిలాంటి మబ్బులు. నగల సంచి అరుణ ఒళ్లో వెచ్చగా ఉంది.

“నీకేం కావాలో అడుగు,” అన్నాడు కేశవులు గాలిలోకి.

“వసారాలో ఉయ్యాల. మధ్యాన్నం పూట ఊగుతా నిద్రపోతా.”

“బంగారు ఉయ్యాల చేపిస్తా!”

“చెక్కదే చాలయ్యా. బంగారందైతే నిద్ర పట్టదు.”

నంద్యాలలో మేడ మీది గోల్డ్ లోన్ ఆఫీసు ముందు బండి ఆగింది. కేశవులు సంచి కోసం చెయ్యి చాపాడు. అరుణ ఇవ్వలేదు.

“ఆడోళ్ల పేరు మీదైతే వడ్డీ తక్కువంట. నువ్వు బండి కాడుండు.”

“మంచి మాట. బేగా రా!” అంటూనే అతను మోగుతున్న ఫోన్ ఎత్తాడు. “స్వామీ, దుడ్లు వచ్చేస్తాండాయి.”

పైన ఏసీ చల్లదనంలో అంతా మగత. కౌంటర్లో చందన అనే పిల్ల నగలను గీటురాయి మీద గీసి, తూకం వేసి, కళ్లు పెద్దవి చేసింది.

“వడ్డాణం ఎంత బాగుందక్కా! అన్నీ కలిపితే పదిహేను లక్షల దాకా వస్తాది. ఆలోచించి చెప్పండి. ఒకసారి రాసినాక వీటి మీద ఇంకో అప్పు పుట్టదు. మళ్లీ మీరే వచ్చి, బాకీ కట్టి, సంతకం పెడితేనే ఇస్తాం. ఇంకెవరొచ్చినా ఇయ్యం.”

“ఎవరొచ్చినా?”

“ఎవరొచ్చినా అక్కా.”

అరుణ కిటికీలోంచి కిందికి చూసింది. కేశవులు బండి మీద కూర్చుని ఆకాశంలోకి నవ్వుతున్నాడు. ఆమెను చూసి చెయ్యి ఊపాడు. ఆమె కూడా ఊపింది.

“చెప్పండక్కా, ఎంత రాయమంటారు?”

“వెయ్యి రూపాయలు చాలు చెల్లీ.”