ఆఖరి ట్రైలోబైట్లు

“మంచం కిందికి దూరు సంజీవ్, జల్ది! ఒక్కని రూం ఇది. ఇద్దరం కనబడితే ఒకని పని ఖతం.”

వరండాలో వార్డెన్ చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది. సీటు లేకుండా హాస్టల్లో ఉంటున్న నాన్ బోర్డర్లను ఆయన పొద్దుటి నుంచీ గదిగదికీ తిరిగి బయటికి పంపుతున్నాడు. సోమవారం నుంచే సంజీవ్ ఎమ్మెస్సీ పరీక్షలు.

“కాళ్లు బయటికొస్తున్నయి అన్నా.”

“ఉండలెక్క చుట్టుకో” అన్నాడు సుదర్శన్. “ట్రైలోబైట్లు గట్లనే బతికినయి. సముద్రంల వాటి జాతులన్నీ పోయినా ఒక్క గుంపు ఆఖరుదాక నిలబడ్డది. ఎట్ల? చిన్నగుండి, సప్పుడు చేయకుండ.”

“తర్వాత?”

“తర్వాత భూమ్మీద దాదాపు అన్నీ సచ్చినయి. గప్పుడు అవి గూడ పోయినయి. నువ్వు గంత దూరం ఆలోచించకు.”

కోట్ల ఏళ్ల కిందటి ఆ సముద్రజీవుల శిలాజాల మీద సుదర్శన్ పీహెచ్‌డీ మొదలుపెట్టేనాటికి తార్నాకకు మెట్రో రాలేదు. మంచం మీద అతను పడుకుంటాడు, కింద చాప మీద సంజీవ్. ఎవరు తలుపు కొట్టినా తెరిచేది సుదర్శనే. ఎక్కువ కాలం ఉన్నవాణ్ని ఎవరూ ఏమీ అడగరు.

వార్డెన్ లక్ష్మీనర్సయ్య లోపలికి వచ్చాడు.

“ఏమయ్యా సుదర్శన్, నీ పురుగుల కథ ఇంకా ఒడవలేదా?”

“పురుగులు కాదు సార్, ట్రైలోబైట్లు. ఈ నెలల సబ్మిట్ చేస్త.”

“నాలుగేండ్ల సంది ఈ నెలే అంటున్నవ్.”

మంచం కింద ఎవరో తుమ్మారు.

లక్ష్మీనర్సయ్య వంగి చూశాడు. “అరె, బయటికి రా! సిగ్గు లేదా? పెద్దోడు చదువుకుంటుంటే మంచం కింద జొర్రినవా?”

సంజీవ్ దుమ్ము దులుపుకుంటూ లేచాడు. ఏదో చెప్పబోయి సుదర్శన్ వైపు చూశాడు. సుదర్శన్ వార్డెన్ వెనక నుంచి రెండు చేతులూ జోడించాడు.

“తప్పయింది సార్” అన్నాడు సంజీవ్.

“బ్యాగు సదురుకో. నడువు.”

“పరీక్షలున్నయి సార్ పాపం” అని గొణిగాడు సుదర్శన్.

“నీ అసొంటి జాలిగుండెలోళ్లతోనే హాస్టల్ ఖరాబైంది!”

తార్నాక చౌరస్తాలో చాయ్ మీద చాయ్ తాగుతూ సంజీవ్ నోట్సు చదువుకున్నాడు. మధ్యాహ్నం ఫోన్ మోగింది.

“పోయిండు. మాణికేశ్వర్ నగర్ దిక్కు గోడ దుంకి రా. ఇయ్యాల్టి సంది మంచం మీద నువ్వే పండుకో తమ్మీ.”

“వద్దన్నా, నీకు నడుము నొప్పి. ముందుగాల ఆ థీసిస్ ఒడగొట్టు.”

గోడ దూకుతుంటే అతని ప్యాంటు మోకాలి దగ్గర పర్రున చిరిగింది.

హాస్టల్ ఆ గదిని ఇచ్చింది సంజీవ్‌కే.