అరచెయ్యి తీస్తే

విజయనగరంలో బరువులెత్తే అమ్మాయిల హాస్టల్‌కి కొత్త వైద్యం బల్ల వచ్చి వారమైంది. పడుకున్న అమ్మాయి దాని అంచు మీద అరచెయ్యి ఆనించి ఉంచినంతసేపే డాక్టరు ఆమెను తాకాలి. చెయ్యి తీస్తే తలుపు తెరుచుకుని, క్రీడా సంఘం అధ్యక్షుడి ఫోను మోగుతుంది. కొత్త చట్టం ప్రకారం, పది నిమిషాల్లో ఆయనే వచ్చి ఫిర్యాదు రాసుకోకపోతే సంఘమే బోనెక్కాలి.

గదులు ఊడ్చే పైడితల్లికి వారం రోజులుగా కాలు నిలవడం లేదు. ఇరవై రెండేళ్ల కిందట ఆమె ఇక్కడే బరువులెత్తింది. అప్పటి డాక్టరు తనతో పాడుపని చేశాడని చెబితే, అతనితో తమకు సంబంధం లేదని సంఘం తన పేరు అచ్చేసిన కాగితం మీద రాసిచ్చి ఇంటికి పంపేసింది.

ఇవాళ బల్ల తుడిచి, తనే ఎక్కి పడుకుంది. పోటీలో బరువెత్తే ముందులాగే ఊపిరి బిగబట్టి, అరచెయ్యి ఆనించి తీసేసింది.

ఎనిమిదో నిమిషంలో అధ్యక్షుడు సత్తిబాబు రొప్పుతూ, ఒక కాలికే చెప్పుతో వచ్చాడు.

“నువ్వేటే ఇక్కడ? ఏ అమ్మాయికేటయింది?”

“నాకే బాబూ. ఇరవై రెండేళ్ల కిందట.”

“అంత పాతది చెల్లుతుందేటి?”

“గడువు నేదు. సట్టం మూడుసార్లు సదివేను.”

ఆయన చెమట తుడుచుకుని జేబులోంచి పెన్ను తీశాడు.

పైడితల్లి లేచి కూర్చుని నవ్వింది. “సంఘం పేరున్న కాగితమే తెప్పించండి బాబూ. అప్పుడు నన్ను పంపేసింది దాని మీదే.”