సారు చూసి చెప్పిన కాలేజీ

"జర మగ్గం ఆపు నాయినా."

భవ్యశ్రీ ఫోన్ ముందుకు చాపింది. ఢిల్లీ కాలేజీలో అంతర్జాతీయ సంబంధాలు, భద్రత కోర్సులో కొత్తగా చేరినవాళ్ల ఫోటో అది.

"సీటొచ్చినా నువ్వు వద్దనుకున్న కాలేజేనా?" అన్నాడు కురుమూర్తి.

"నేనెక్కడ వద్దనుకున్న? రెండు కాలేజీలల్ల ఏది మంచిదో చూసి చెప్పమని లెక్చరర్ శివశంకర్ సార్‌ను అడిగితిమి. ఢిల్లీది పేరుకే పెద్దది, గా సదువుకు హైదరాబాదే నయమన్నడు. ముందటి వరుసల చూడు, సార్ బిడ్డ సౌజన్య."

"సార్ అప్పుడు సరిగ్గ చూడలేదేమో బిడ్డా."

"వెయిటింగ్ లిస్టుల ఆమె పేరే ఫస్టుండె. నేను వదిలిన సీటే ఆమెకు పోయింది."

కురుమూర్తి ఫోన్ అందుకుని ఫోటో పెద్దది చేశాడు. సౌజన్య ముఖం కాదు, కట్టుకున్న గద్వాల చీర చూశాడు. పట్టు అంచులో ఒక హంసకు తోక సగమే ఉంది. నేసినవాడికి తప్ప ఎవరికీ కనబడని తప్పు అది. మంచి సలహా చెప్పాడని తానే సారింటికి తీసుకెళ్లి ఇచ్చిన చీర.

ఫోన్ తిరిగి ఇచ్చాడు.

"సరిగ్గనే చూసిండు బిడ్డా. ఏది మంచిదో మనకు చెప్పలే, గంతే."