రెండో పలక

"కదలొద్దని చెప్పినాను గదమ్మా! మొహమంతా చెదిరిపోయుండాది, చూడు!"

వరప్రసాదం గాజుపలక చూపిస్తూ తల్లి మీద అరిచాడు. ఉదయగిరి మిషన్ దొర తన ఫోటో పెట్టె ఇచ్చి నేర్చుకోమన్నాడు. ఇంకొక్క పలకకు పూసేంత మందే మిగిలింది.

"ఈగ వాలింది నాయనా," అంది నాగులమ్మ తప్పు చేసినదానిలా. "ఈసారి కదలను. తియ్యి."

అతను పెట్టె అద్దం మీది మూత తీశాడు. అది మళ్లీ పెట్టేదాకా కదలకూడదు. ఆమె రాయిలా కూర్చుంది. కాసేపటికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎండ పడుతోందేమో అనుకున్నాడు. మూత పెట్టిన మరుక్షణం ఆమె వైపైనా చూడకుండా పలకతో చీకటి గదిలోకి పరిగెత్తాడు.

మందునీళ్లలో అమ్మ మొహం ముడతలతో సహా తేటగా తేలింది. సంబరంగా బయటికొచ్చేసరికి భార్య శీనమ్మ అత్త కాలికి బిగించి గుడ్డ కడుతోంది. పక్కనే చెప్పుతో చంపిన తేలు.

"కుట్టినప్పుడు అరవొచ్చు గదమ్మా!" అన్నాడు.

చేతిలోని పలక చూసుకున్నాడు. అంతా తేటగానే ఉంది. పాదం దగ్గర మాత్రం, తేలు పాకినచోట, చిన్న మసక.

అతని మొహం చూసి నాగులమ్మ నొప్పికి వణుకుతూనే అడిగింది.

"మళ్లా చెడగొట్టినానా నాయనా?"