దవాఖాన అంటు

"సూది ఎయ్యదు, గోలి ఇయ్యదు. గిదేం డాక్టరు?" అంది మా అత్తమ్మ, డాక్టర్ ప్రసన్న ముందే. పిల్లుల కోసం మేం మార్చిన మూడో డాక్టర్ ఆవిడ.

బుట్టలో ఉన్న మా పిల్లి బంతికి చెవి కొస తెగింది. ఇంట్లో రెండో పిల్లి బొగ్గు చేసిన పని. ఇంకోసారి కొట్టుకుంటే ఒకదాన్ని తీసుకెళ్లి పరకాల ఊళ్లో వదిలేస్తానని మా ఆయన తేల్చేశాడు.

"చిన్నప్పటి నుంచి కలిసి పెరిగినయే కదా. ఎప్పుడు కొట్టుకుంటయి?" అంది డాక్టర్.

"దవాఖాన నుంచి ఒకదాన్ని తెచ్చినప్పుడల్లా, మేడం" అన్నాను.

"తెచ్చినంక ఏం జేస్తరు?"

"సబ్బు రుద్ది తానం పోస్త" అంది అత్తమ్మ గొప్పగా. "దవాఖాన అంటు ఇంట్లకు రానిస్తమా? మాది అసొంటి ఇల్లు కాదు."

"పిల్లులు వాసనతోనే గుర్తుపడ్తయి పెద్దమ్మా. మీ సబ్బు వాసనకు రెండోది దీన్ని పరాయి పిల్లి అనుకుంటాంది."

ఆటోలో ఇంటిదాకా ఒకటే తిట్లు. "సదువుకున్నదట! నా సబ్బుకు వంకలు పెడ్తది!"

గుమ్మం దగ్గర బకెట్, సబ్బు ఎప్పట్లాగే సిద్ధంగా ఉన్నాయి. అత్తమ్మ కాసేపు బుట్ట వైపే చూసింది. తర్వాత బకెట్ నీళ్లన్నీ తన కాళ్ల మీదే పోసుకుని, బంతిని పొడిగానే లోపలికి వదిలింది.

బొగ్గు వచ్చి మెడ వాసన చూసింది. తెగిన చెవిని నాకింది.

"ఈ డాక్టర్‌ను మార్చాలె శోభా" అంది అత్తమ్మ. "పెద్దోళ్లతోని మాట్లాడుడే రాదామెకు."