పేకాట పుస్తకాల అర

తేజేశ్వర్‌కి ఉద్యోగం పోయింది సోమవారం ఉదయం.

తొమ్మిదింటికి మేనేజర్ కాల్ చేశాడు. తొమ్మిదీ పదికల్లా లాప్‌టాప్ లాక్ అయిపోయింది. అమెరికా వీసా ప్రకారం ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి అరవై రోజులు మిగిలాయి. ఆలోపు దొరక్కపోతే దేశం వదలాలి.

భార్య రష్మికి సాయంత్రం చెబుదామనుకున్నాడు. సాయంత్రం ఆమె అలసిపోయి వచ్చింది. మర్నాడు చెబుదామనుకున్నాడు.

మర్నాడు ఎప్పటిలాగే ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. ఫ్రీమాంట్ దాటి శాన్ హోసే వెళ్ళే దారిలో డబ్బు పెట్టి పేకాడే కార్డ్ రూమ్ ఒకటి ఉంది. శనివారాలు స్నేహితుల ఇళ్ళలో పోకర్ ఆడి, నాలుగుసార్లకి మూడుసార్లు గెలిచిన చెయ్యి అతనిది. ఉద్యోగం దొరికేదాకా దీంతో నెట్టుకురావచ్చనిపించింది.

మూడు వారాల్లో దాచుకున్నదాంట్లో సగం పోయింది.

లోపం తన ప్రిపరేషన్‌లో ఉందనుకున్నాడు. ఎంసెట్ నుంచి క్లౌడ్ సర్టిఫికేషన్ దాకా అన్నీ పుస్తకం పట్టే గట్టెక్కాడు. ఇదొక్కటి రాకపోవడమేమిటి?

లైబ్రరీ పక్కన పాత పుస్తకాల షాపుకి వెళ్ళాడు. చివరి అరలో పోకర్ పుస్తకాలు పదిహేను దాకా ఉన్నాయి. పక్కన స్టూలు మీద ఎవరో ఒకావిడ. కాటన్ చీర, పైన స్వెటర్, ఒళ్ళో అట్టపెట్టె. వాలంటీర్ కాబోలు, పుస్తకాలు సర్దుతోంది.

ఫోన్ మోగింది. రష్మి.

"మీటింగ్‌లో ఉన్నా. ఆఁ, లంచ్ తినేస్తాలే. బై."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"మీటింగ్ అయిందా బాబూ?" అంది ఆవిడ తెలుగులో.

అతని మొహం ఎర్రబడింది.

"పర్లేదులే. టోర్నమెంట్లకి కావాలా, క్యాష్ గేమ్‌కా?"

తేజేశ్వర్ ఆశ్చర్యపోయాడు. "క్యాష్ గేమ్ ఆంటీ. నో లిమిట్. అంటే…"

"తెలుసు. ముందున్నదంతా ఒక్కసారే పందెంలోకి తోసెయ్యొచ్చు."

అతను ఒక పుస్తకం తీశాడు.

"అది వద్దు, టోర్నమెంట్లది. అందులో పందెం చిప్స్ అయిపోతే లేచి ఇంటికెళ్తారు. నీ ఆటలో జేబులోంచి మళ్ళీ తీస్తారు."

ఇంకోటి తీశాడు.

"మరీ పాతది. ఆ ఎత్తులన్నీ ఇప్పుడు టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళకి కంఠతా వచ్చు."

"పోనీ ఇది?" లావుపాటిది చూపించాడు.

"లెక్కలు బాగా చెప్పాడు. ఎప్పుడు లేవాలో మాత్రం చెప్పలేదు."

తేజేశ్వర్‌కి చిరాకేసింది. "మీరు ఆడతారా ఆంటీ?"

"ఒక్క చెయ్యి కూడా ఆడలేదు."

"మరి ఇవన్నీ?"

"చదివాను. రెండేళ్ళు పట్టింది."

"ఆడకుండా ఉత్తినే చదివారా? వంటల పుస్తకం చదివితే కడుపు నిండుతుందా ఆంటీ?"

ఆవిడ నవ్వింది.

"మనవాళ్ళం రమ్మీ ఆడుతూ పెరిగాం బాబూ. చేతిలో పదమూడు ముక్కలు. ఓపిక పడితే ఏదో ఒకటి కలుస్తుంది. ఇందులో చేతికొచ్చేవి రెండే. అయినా ముక్క పడుతుంది, ముక్క పడుతుంది అని కూర్చునే ఉంటాం."

ముందు రోజు అతను ఓడింది సరిగ్గా అలాగే.

"అందుకే కదా పుస్తకం కొనుక్కుంటున్నా."

"ఇంట్లో తెలుసా?"

"ఏం తెలుసా?"

ఆవిడ అతని ఇస్త్రీ చొక్కా వంక చూసింది.

"అన్నీ తెలుసండీ," అన్నాడు తేజేశ్వర్.

"సరే. మంగళ, గురువారాలు ఇక్కడే ఉంటాను. ఈసారి ఆటకి వెళ్ళేముందు ఒక్కసారి ఇటు రా. ఫ్లాస్కులో టీ ఉంటుంది."

ఏమీ తోచని వాలంటీర్లకి కబుర్లెక్కువ అనుకున్నాడు. లావుపాటి పుస్తకమే కొనుక్కుని, చెప్పకుండా వచ్చేశాడు.

పరీక్షకి చదివినట్టే చదివాడు. పసుపు రంగు మార్కర్‌తో గీతలు గీశాడు. నోట్స్ రాసుకున్నాడు. ఇంకో మూడు వారాలు గడిచేసరికి మిగిలిన సగంలో చాలావరకు పోయింది.

ఒక గురువారం కార్డ్ రూమ్ పార్కింగ్‌లో కారు ఆపాడు. ఆటకి వెళ్ళేముందు ఒక్కసారి ఇటు రా అన్న ఆవిడ మాట గుర్తొచ్చింది. కారు వెనక్కి, పుస్తకాల షాపు వైపు తిప్పాడు.

షాపులో చివరి అర ఖాళీగా ఉంది. స్టూలు మీద ఎవరూ లేరు.

కౌంటర్‌లో ముసలి అమెరికన్ ఒకాయన ఉన్నాడు. ఆ ఇండియన్ వాలంటీర్ ఇవాళ రాలేదా అని అడిగాడు తేజేశ్వర్.

"లక్ష్మీకాంతమా?" ఆయన ఆ పేరుని కూడబలుక్కుంటూ పలికాడు. "ఆవిడ మా వాలంటీర్ కాదే. ఆ పుస్తకాలు ఆవిడ భర్తవి. ఆయన పోయాక అన్నీ చదివి, మాకిచ్చేసింది. అమ్ముడుపోయేదాకా పక్కన కూర్చుంటానంది. కాదనలేకపోయాం."

"మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"రాదు. పోయిన వారం చివరి పుస్తకం అమ్ముడైంది. ఊరొదిలి వెళ్ళిపోయింది. ఎక్కడికో మాకు తెలీదు."

"ఎందుకు కూర్చునేవారు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆవిడ భర్త ఏడు నెలలు రోజూ ఆఫీసుకని చెప్పి కార్డ్ రూమ్‌కి బయల్దేరేవాడట. ఉద్యోగం ఎప్పుడో పోయిందని, అంత్యక్రియలకి వచ్చినవాళ్ళు చెబితేనే ఆవిడకి తెలిసిందట."

తేజేశ్వర్ బయటికి వచ్చి కార్‌లో కూర్చున్నాడు.

వీసా గడువుకి ఇంకా పదిహేను రోజులున్నాయి. రష్మికి ఇంకా చెప్పలేదు.